గేదె తప్పు, గుడి తప్పు

మొన్న శనివారం పెడన కాలవగట్టు మీద ఒక అరగంట నేనొక గేదెకి యజమానిని. తరవాత కాసేపు గేదెల దొంగని. ఆ తరవాత ఒకటో తరగతి పిల్లాణ్ణి. నవ్వకండి! ముందు టీ తాగండి, చెబుతాను. మధ్యలో నవ్వితే టీ ముక్కులోకి పోతుంది, అప్పుడా తప్పు కూడా నాదే అనాల్సొస్తుంది.

దీనికంతటికీ మూలం మా అయ్యగారు. అయ్యగారంటే మా సంఘం పాస్టరు గారు. ఆమధ్య ఆదివారం ఆరాధన అయిపోయాక నన్ను పక్కకి పిలిచారు.

"మాస్టారూ, వచ్చే నెల సంఘ పెద్దల ఎన్నిక. మీ పేరు చాలామంది అంటున్నారు."

"అబ్బే, నాకెందుకండీ" అన్నాను. అంటే ఇంకోసారి అడగమని అర్థం. ఆయన ఇంకోసారి అడగలేదు.

"మీకు ప్రార్థన ఉంది, చదువుంది, కంఠం ఉంది. తగ్గింపు ఒక్కటే లేదు" అన్నారు.

మీలో మా సంఘం వాళ్ళు కానివాళ్ళకి చెబుతున్నాను, మాలో తగ్గింపు అంటే వినయం. కొట్లో బేరమాడి తెచ్చుకునేది కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

"నాకా! తగ్గింపు లేదా! ఈ గుడివాడ మొత్తం మీద నా అంత తగ్గింపున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి చూద్దాం!" అన్నాను.

ఆయన నవ్వి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి మా ఆవిడ శాంతమ్మతో చెప్పాను, ఆవిడైనా నా పక్షాన మాట్లాడుతుందని. "ఆయనన్నదాంట్లో అబద్ధమేముందండీ? మన పెళ్ళయి పధ్నాలుగేళ్ళు. ఒక్కసారైనా 'తప్పు నాది' అన్నారా?" అంది.

"తప్పు చేస్తే కదా అనడానికి!"

శాంతమ్మ నావైపు ఒకసారి చూసి, చేటలో బియ్యం వైపు చూసి, "ఇందులో రాళ్ళు ఏరుకోవడం తేలిక" అని లోపలికి వెళ్ళిపోయింది.

సరే, మనకెందుకు పట్టుదల? ఆ సాయంత్రమే మోకరించాను. "ప్రభువా, నాకు తగ్గింపు దయచెయ్యి" అని అడిగాను. విశ్వాసంతో అడిగితే ఇచ్చేసినట్టే కదా! వారం రోజులు అలాగే అడిగి, వచ్చిందా లేదా అని చూసుకున్నాను. సోమవారం బళ్ళో హెడ్మాస్టరు గారు బోర్డు మీద 'విద్యార్ధి' అని రాశారు. థ పొట్టలో చుక్క మర్చిపోయి ధ పెట్టారని అందరి ముందూ చెప్పి దిద్దాను. అప్పుడు తెలిసింది, ఇంకా రాలేదని.

అయ్యగారి దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేశాను. "వారం రోజులుగా అడుగుతున్నానండి. ఇవ్వట్లేదు."

ఆయన పెరట్లో వంగమొక్కలకి పాదులు చేస్తున్నారు. చేతులు దులుపుకున్నారు. "మాస్టారూ, మీ నాన్నగారిది బంటుమిల్లి దగ్గర వ్యవసాయమే కదా? కాలవకి నీళ్ళు ఎవరు వదులుతారు?"

"పైన, బెజవాడ ఆనకట్ట దగ్గర వదులుతారు."

"వదిలారు గదా అని మీ నాన్నగారు ఇంట్లో కూర్చునేవారా?"

"ఎలా కూర్చుంటారండీ! పార పట్టుకెళ్ళి గట్టుకి మడవ తియ్యాలి. లేకపోతే నీళ్ళు మన చేలోకి రావు, పక్కవాడి చేలోకి పోతాయి."

"అంతేనండీ. నీళ్ళు ఆయనవి. మడవ మనది. ఇద్దరూ కలిస్తేనే పంట" అని మళ్ళీ వంగమొక్కల మీదికి వంగారు.

ఆహా, ఎంత మంచి మాట! దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. నా వంతు నేను చెయ్యాలన్నమాట. ఏం చెయ్యాలి? శాంతమ్మ అన్న మాట గుర్తొచ్చింది. వెంటనే తీర్మానం చేసుకున్నాను. రోజుకి మూడుసార్లు, తప్పెవరిదైనా సరే, "తప్పు నాదే" అనాలి. పొద్దున్నొకటి, మధ్యాహ్నమొకటి, సాయంత్రమొకటి. డాక్టరు గారి మిక్స్చరు వేసుకున్నట్టు!

మొదటిరోజు పొద్దున్నే పిల్లి పాలగిన్నె దొర్లించింది. నేను పరుగెత్తుకెళ్ళి "శాంతా, తప్పు నాదే!" అన్నాను. పాపం, ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని. రెండోరోజు పక్కింటి వాళ్ళ తాడు తెగి చేద బావిలో పడింది. గోడ మీంచి "తప్పు నాదేనండీ!" అని అరిచాను. వాళ్ళు మా తాడు పట్టుకెళ్ళారు, ఇంతవరకూ ఇవ్వలేదు. మూడోరోజుకి శాంతమ్మకి విసుగొచ్చేసింది. "ఏవండీ, పిల్లి తప్పులు పిల్లికి వదిలెయ్యండి. మీవి మీరు చూసుకోండి చాలు" అంది.

నావేమున్నాయి చూసుకోవడానికి? అనుకున్నాను. ఇదిగో, ఇక్కడే బల్లగుడ్డ సంగతి చెప్పాలి.

మా సంఘంలో కోతలయ్యాక కోత పండుగ చేస్తాం. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు, ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఈ ఏడు ఆ బల్ల మీదికి అద్దకం గుడ్డ ఒకటి కొత్తది వేయిద్దామని స్త్రీల సమాజం వాళ్ళు అనుకున్నారు. సమాజానికి పెద్ద మా శాంతమ్మే. పెడనలో వెంకటస్వామి గారని అద్దకం చేయించే ఆయన ఉన్నారు. గుడ్డ చుట్టూ అంచులో 'కోత పండుగ' అని అక్షరాలు రావాలి. అక్షరాలు కాగితం మీద రాసిస్తే, వాళ్ళు చెక్క మీద చెక్కి అచ్చు తయారుచేసి గుడ్డ మీద అద్దుతారు.

రాసే పని ఎవరిది? ఇంకెవరిది! గుడివాడలో నా గొలుసుకట్టు రాత తెలియనివాళ్ళెవరు? కలం ఎత్తకుండా రాస్తాను. తలకట్టు పెట్టేటప్పుడు చివర ఒక చిన్న మెలిక తిప్పుతాను, అదే నా రాతకి అందం. రాసి శాంతమ్మకిచ్చాను. ఆవిడ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఏవండీ, ఈ 'త' మీద తలకట్టు, తలకట్టులా లేదు. గుడిలా ఉంది."

"ఇరవై ఏళ్ళుగా పిల్లలకి తలకట్లు దిద్దుతున్న చెయ్యిది! నువ్వు నాకు గుడీ, తలకట్టూ నేర్పుతావా?"

ఆవిడ కాగితం మడిచి పెడన పంపించింది. ఇది పదిహేను రోజుల కిందటి మాట. నేను మర్చిపోయాను కూడా.

ఆదివారం పండుగ. శనివారం గుడ్డ తేవడానికి నేను బయల్దేరాను. ఇస్త్రీ పంచె, ఉత్తరీయం, కొత్త గొడుగు. బందరు ప్యాసింజరు ఎక్కి కూర్చున్నాను. గొడుగు పక్కన పెట్టాను. కవుతరంలో ఒక భారీ మనిషి ఎక్కి, చూడకుండా గొడుగు మీద కూర్చున్నాడు. ఫట్! రెండు ఊచలు విరిగాయి. నాకు కోపం గొంతుదాకా వచ్చింది. మింగాను. "తప్పు నాదేనండీ, గొడుగు అక్కడ పెట్టకూడదు" అన్నాను.

ఇలా అంటే ఎదుటివాడు కరిగిపోయి "అయ్యో, కాదండీ, నాదే" అంటాడని కదా మన ఆశ! ఆయనేమన్నాడో తెలుసా? "అవును మరి! చూసి పెట్టుకోవాలి. ఊచ గుచ్చుకునుంటే ఏమయ్యేది?" అన్నాడు. పెట్టెలో వాళ్ళంతా నావైపు తప్పుచేసినవాణ్ణి చూసినట్టు చూశారు. నేను మాత్రం లోపల పొంగిపోయాను. ఎంత తగ్గానో! అయ్యగారు ఈ పెట్టెలో ఉంటే బావుండును అనుకున్నాను.

పెడనలో దిగి కాలవగట్టు మీదికి వెళ్ళాను. అక్కడే వెంకటస్వామి గారి పాక. అద్దిన గుడ్డల్ని కాలవలో జాడించి గట్టు పొడుగునా ఆరేశారు. ఎర్రవీ, నల్లవీ, లతలూ, నెమళ్ళూ, చూడముచ్చటగా ఉంది. నేను పాక దగ్గరికి వెళ్తుండగానే కాలవలోంచి ఒక గేదె లేచింది. ఒళ్ళంతా బురద. మెల్లగా గట్టెక్కి, ఆరేసిన గుడ్డల మీదుగా, రాణీగారు తివాచీ మీద నడిచినట్టు నడుచుకుంటూ వచ్చేసింది!

వెంకటస్వామి గారు పాకలోంచి పరుగెత్తుకొచ్చారు. "ఎవరిదయ్యా ఈ గేదె? ఎవరిదీ తప్పు?"

నేనాలోచించాను. పొద్దుటి మోతాదు రైల్లో అయిపోయింది. మధ్యాహ్నానిది బాకీ ఉంది. ఇంతకన్నా మంచి అవకాశం మళ్ళీ రాదు. ఒక అడుగు ముందుకేసి, తల వంచి, "తప్పు నాదేనండీ" అన్నాను.

అంతే! పలుపు తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇస్త్రీ పంచె కట్టుకుని గేదెల్ని మేపుతారా! మేపితే మేపారు, ముక్కుతాడు పట్టుకోవద్దూ? మూడు గుడ్డలు మళ్ళీ ఉతకాలి!" అని వాయించారు. నాది కాదని చెప్పబోయాను. కానీ ఒప్పుకున్నాక కాదంటే అబద్ధమాడినట్టు కదా! మెదలకుండా పలుపు పట్టుకుని నిలబడ్డాను. గేదె తోక ఒకసారి విసిరింది. బురద నా పంచె మీద మోకాలిదాకా పడింది. అలా అరగంట. పలుపు ఎక్కడ కట్టాలో తెలియదు, వదిలితే మళ్ళీ గుడ్డల మీదికి వెళ్తుంది. దాని పేరు కూడా తెలియదు, పిలుద్దామంటే!

ఇంతలో గట్టు మీద ఒక ఆడమనిషి పరుగెత్తుకుంటూ వస్తోంది. చేతిలో కర్ర. "అదిగో నా గేదె! దొంగ సచ్చినోడు పట్టుకుపోతున్నాడు!"

ఆవిడ పేరు మంగమ్మ. ఆ పేరు తరవాత తెలిసింది, ముందు తెలిసింది కర్ర పొడుగు. నాకు కంగారొచ్చింది. కంగారులో నోటికి అలవాటైన మాటే వస్తుంది కదా? "తప్పు నాదేనమ్మా!" అనేశాను.

"చూశారా! వాడే ఒప్పుకున్నాడు!" అని కర్రెత్తింది.

ఆ రోజు నా వీపు దక్కిందంటే అది నాంచారయ్య గారి వల్ల. అచ్చులు చెక్కే పెద్దాయన ఆయన, నన్ను గుడివాడలో చూసి ఉన్నారు. పాకలోంచి ఉలి చేత్తో పట్టుకునే వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడ్డారు. "ఆగవే మంగమ్మా! ఈయన గుడివాడ మాస్టారు. బల్లగుడ్డ కోసం వచ్చారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, గేదె దానంతటదే గట్టెక్కింది. ఈయనకి ఏ పాపమూ తెలియదు" అన్నారు.

మంగమ్మ కర్ర దించింది. వెంకటస్వామి గారు నోరు తెరుచుకుని చూశారు. "మీది కాకపోతే మీదని ఎందుకన్నారండీ?"

నేను గొంతు సవరించుకుని, కాస్త గంభీరంగా, "తగ్గింపు కోసమండీ" అన్నాను.

"తగ్గింపా! ఆ మాటేదో ముందే అడగొచ్చు కదండీ! తగ్గింపు కావాలంటే గేదెని నెత్తినేసుకోవాలా? పోనీలెండి, చర్చి గుడ్డ కదా, మజూరీలో ఏదో చూసుకుందాం" అన్నారాయన.

అది కాదండీ నాయనా అని విడమరచి చెప్పేలోపు గుడ్డ తీసుకొచ్చి బల్ల మీద పరిచేశారు. ఏం చెప్పమంటారు! మధ్యలో ద్రాక్షగుత్తులు, నాలుగు మూలలా వరికంకులు. ప్రాణం లేచొచ్చింది. అంచు చూశాను. చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను.

కోతి పండుగ. కోతి పండుగ. కోతి పండుగ.

చుట్టూ పదహారుసార్లు! మా చర్చిలో, బల్ల మీద, అయ్యగారి ముందు, పదహారు కోతులు!

"ఎవడి తప్పిది?" అని అరిచాను. తగ్గింపూ లేదు, గిగ్గింపూ లేదు. పాకంతా అదిరిపోయింది. "త మీద గుడి ఎవడు పెట్టమన్నాడు?"

వెంకటస్వామి గారి ముఖం నల్లబడింది. నాంచారయ్య గారి వైపు తిరిగారు. "ఏమయ్యా, చెప్పానా లేదా? పోయిన నెల నెమలికి మూడు కాళ్ళు చెక్కావు. కళ్ళు పోయాయి, ఇంకొక్క తప్పొస్తే ఉలి కింద పెట్టెయ్యాలన్నాను. ఇప్పుడేమంటావు?"

నాంచారయ్య గారు తొణకలేదు. "మేం చదవమండీ, గీతని బట్టి చెక్కుతాం. మాస్టారి కాగితంలో ఏది ఉందో అదే చెక్కాను" అని చూరులోంచి కాగితం తీసి ఇచ్చారు.

వెంకటస్వామి గారు దాన్ని అటూ ఇటూ తిప్పారు. "అచ్చక్షరాలైతే కూడబలుక్కుంటాను గాని ఈ గొలుసుకట్టు నా వల్ల కాదు. మాస్టారూ, తెలుగు పంతులు మీరు. మీరే చెప్పండి. ఇది తలకట్టా, గుడా?"

కాగితం చూశాను. గుడి. నిండు గుడి. నా మెలిక చుట్టూ తిరిగొచ్చి మొదటికే కలిసింది. శాంతమ్మ దగ్గరగా పెట్టుకుని చూసినా గుడే, దూరంగా పెట్టుకుని చూసినా గుడే.

పాకలో ఆరుగురున్నారు. బయట మంగమ్మ, గేదె. అందరూ నన్నే చూస్తున్నారు.

"తలకట్టేనండీ" అన్నాను.

అన్నాను, ఏం చెయ్యను! ఇరవై ఏళ్ళ చెయ్యి కదా!

నాంచారయ్య గారు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "మాస్టారు చెప్పాక ఇంకేముందిలెండి. నా కళ్ళే అయ్యుంటాయి" అన్నారు. కింద కూర్చుని ఉలులు ఒక్కొక్కటే తుడిచి, గుడ్డలో చుట్టడం మొదలుపెట్టారు. పెద్ద ఉలి, చిన్న ఉలి, సూదంత సన్నటిది ఇంకోటి. పావుగంట కిందట ఇదే మనిషి నాది కాని తప్పు నా మీద పడకుండా కర్రకి అడ్డం నిలబడ్డాడు. నేను నా తప్పుని తీసుకెళ్ళి ఆయన నెత్తిన పెట్టాను. నిజం చెబుతున్నాను, నాకు చచ్చేంత సిగ్గేసింది.

చెప్పాల్సిన మాట కొత్తది కాదు. వారం రోజులుగా మంచినీళ్ళలా వాడేశాను. పిల్లికి అన్నాను, చేదకి అన్నాను, గొడుక్కి అన్నాను, గేదెకైతే రెండుసార్లు అన్నాను. ఇప్పుడు నాలిక తిరగదే! 'ప్రభువా' అన్నాను లోపల. అంతకన్నా పొడుగు ప్రార్థన రాలేదు. అయ్యగారి మడవ గుర్తొచ్చింది. నీళ్ళు గట్టుదాకా వచ్చి నిలబడి ఉన్నాయి. తీయవలసిన మడవ నా నోరేనని అప్పుడు తెలిసింది.

"ఆగండి నాంచారయ్య గారూ. అది గుడే. నేను రాసిందే. తప్పు నాది."

హమ్మయ్య అనుకున్నాను. కాలేదు! వెంకటస్వామి గారు చెయ్యి ఊపి కొట్టిపారేశారు. "ఊరుకోండి మాస్టారూ! గేదెకీ ఇలాగే అన్నారు. మీకు జాలిగుండె. ఈయన్ని వెనకేసుకు రావద్దు."

"లేదండీ, ఇది నిజం తప్పు!"

"అదీ నిజమేనన్నారు."

చూశారా నా గతి! నావి కాని తప్పులన్నీ నమ్మారు, నాది మాత్రం ఎవరూ నమ్మరు. ఇంక లాభం లేదని జేబులోంచి సుద్దముక్క తీశాను. మన జేబులో ఏం ఉన్నా లేకపోయినా సుద్దముక్క ఉంటుందిగా! పాక తలుపు మీద 'కోత' అని రాశాను. "మీరే చూడండి, నా రాత ఎలా ఉంటుందో. ఎవరైనా చదవండి."

"నేను చదువుతా" అంది గుమ్మంలోంచి మంగమ్మ. మూడు నెలలుగా ఊళ్ళో పెద్దవాళ్ళ బడికి వెళ్తోందిట! పలుపు మోచేతికి తగిలించుకుని, తలుపు దగ్గరికొచ్చి, వేలు పెట్టి, "కో... తి. కోతి!" అని గట్టిగా చదివింది.

"ఉండమ్మా, తొందరలో రాశాను" అని మళ్ళీ రాశాను.

"కోతి."

ఈసారి నెమ్మదిగా, జాగ్రత్తగా, ఊపిరి బిగపట్టి రాశాను. తలకట్టు దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే గిర్రున తిరిగింది!

"మళ్ళీ కోతే! అలా తిప్పకూడదు మాస్టారూ, ఇటివ్వండి" అని, మంగమ్మ నా గుప్పిట తన గుప్పిట్లో పెట్టుకుని, "ఇలా కిందికి, ఇలా పైకి, ఇంక ఆగిపోవాలంతే" అని దిద్దించింది. వెనకనుంచి గేదె నా భుజం మీదికి మూతి పెట్టి చూసింది. నాలుగోసారికి వచ్చిందండీ తలకట్టు! పాకలో అందరూ చప్పట్లు కొట్టారు.

వెంకటస్వామి గారు నవ్వలేక నవ్వలేక గోడకి ఆనుకున్నారు. "నాంచారయ్యా, ఆ ఉలులు విప్పవయ్యా బాబూ! నీ కళ్ళు కాదు, ఈయన చెయ్యి! మొత్తానికి చర్చి గుడ్డ మీద పదహారు గుళ్ళు కట్టించారు మాస్టారు!"

నాంచారయ్య గారు మూట విప్పారు. గుడ్డని చేత్తో తడిమి, కాసేపు చూసి, "చిన్న వరికంకి అచ్చొకటి ఉంది. నల్లరంగులో ముంచి ఒక్కో గుడి మీదా వేస్తే కప్పడిపోతుంది. కంకి తల మీద పెట్టుకున్న అక్షరంలా ఉంటుంది" అన్నారు. పదహారు గుళ్ళ మీదా పదహారు కంకులు. సాయంత్రం బండికి గుడ్డ ఆరి నా చేతికొచ్చింది. వెళ్తూ ఆయన చేతులు పట్టుకున్నాను. "మాస్టారూ, ఆ మాట అనడం కష్టమేనండి. నెమలి మూడో కాలు నా తప్పేనని నేనింకా వెంకటస్వామి గారికి చెప్పనే లేదు. తోక వంకరపోయిందని చెప్పాను" అని నా చెవిలో అన్నారు.

బురద పంచె, విరిగిన గొడుగు, చంకలో గుడ్డ. శాంతమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. దారంతా రైల్లో కూడబలుక్కున్నదంతా మర్చిపోయాను. "శాంతా, తప్పు నాదే" అన్నాను.

ఆవిడ నిట్టూర్చింది. "ఇది ఇవాళ్టి కోటాలోదాండీ, నిజమైనదా?"

కాగితం తీసి చేతిలో పెట్టాను. విప్పి చూసింది. 'త' మీద వేలు పెట్టింది. నా ముఖంలోకి చూసింది. పధ్నాలుగేళ్ళలో ఆవిడ అంత సేపు నన్ను చూడడం అదే! నవ్వుతుందేమోననుకున్నాను. కళ్ళు తుడుచుకుంది. ఆ తరవాత నవ్వింది లెండి, రాత్రి అన్నం పెడుతూ, ఉన్నట్టుండి, చారు గరిటె చేతిలోంచి జారిపోయేంతగా. ఆ గరిటె జారడం నా తప్పు కాదని నేను ఊరుకున్నాను.

నిన్న ఆదివారం పండుగలో గుడ్డ చూసి అందరూ ఒకటే మెచ్చుకోలు. "అక్షరం నెత్తి మీద వరికంకి! ఎంత బాగుందో! ఈ ఆలోచన మాస్టారిదేనా?" అని అయ్యగారే అడిగారు, అందరి ముందూ. 'అవును' అంటే మూడక్షరాల మాట, అందులో గుడి గొడవ కూడా లేదు. నోటిదాకా వచ్చింది కూడా. ఆడవాళ్ళ వైపు నుంచి శాంతమ్మ చూస్తోంది. లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. గేదె, కర్ర, గుడి, 'తలకట్టే' అని నేనాడిన అబద్ధం, మంగమ్మ దిద్దించడం, ఏదీ దాచలేదు. జనం నవ్వలేక చచ్చారు. వెనక వరసలో హెడ్మాస్టరు గారు కూడా ఉన్నారండోయ్, ఆయన అందరికన్నా ఎక్కువ నవ్వారు. అయ్యగారు నా భుజం తట్టి, "మాస్టారూ, నీళ్ళు పారాయి" అన్నారు.

ఇంటికి నడిచి వస్తున్నాం. ఒళ్ళు తేలిపోతోంది. వీధి మలుపు తిరిగాక ఇంక ఆగలేకపోయాను.

"చూశావా శాంతా! అంతమంది ముందు ఎంత తగ్గింపుగా చెప్పానో! మన సంఘంలో ఇంకొకళ్ళు చెప్పగలరా అలా? గుడివాడ మొత్తం మీద చెప్పగలరా?"

శాంతమ్మ నాలుగడుగులు నడిచింది. తరవాత చాలా మెల్లగా అడిగింది.

"ఏవండీ, రేపు పొద్దున్న పెడన బండి ఎన్నింటికి?"

"ఎందుకూ?"

"గేదె మీకోసం చూస్తుంటుంది."